లాఠీకి తొడిగిన టోపీ

నాకు పోలీసు ఉద్యోగం వచ్చినప్పుడు మరిపెడలో మా ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫోటో వెనక ఒక పులి, రెండు హెలికాప్టర్లు ఉన్నాయి. ఇప్పటిదాకా వాటిలో దేనితోనూ నాకు పని పడలేదు. స్టేషన్‌లో చేరిన రోజు నా చేతికిచ్చిన మొదటి ఆయుధం నీలం బాల్‌పెన్ను. అది రాయకపోతే వాడుకోమని ఇంకో బాల్‌పెన్ను.

తప్పు నా చేతిరాతది. అది బాగుంటుంది. పదహారు వందల మీటర్లు నాలుక బయటపెట్టి పరుగెత్తి సంపాదించిన ఉద్యోగంలో, మొదటి ఏడాదంతా నేను కుర్చీలోంచి లేచింది టీ కోసమే. డ్యూటీ చార్టులు గీయడం, జనరల్ డైరీలో ఎవరు ఎప్పుడు పోయారో, ఎప్పుడు వచ్చారో రాయడం, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లు మూడు తరాల కథ చెబితే అందులోంచి పోయిన సైకిలును బయటికి తీయడం. ఇదీ నా వీరత్వం. స్టేషన్ పేరు మాత్రం చెప్పను. వరంగల్‌లో ఉంది, ముందు వేపచెట్టు, పక్కన పట్టుకొచ్చిన బండ్లు తుప్పు పట్టే ఖాళీ జాగా ఉన్నాయి. ఇంతకంటే చెబితే మా వాళ్లు గుర్తుపడతారు, ఇంతే చెబితే ఏ స్టేషనైనా కావచ్చు.

సినిమాలు చూసి మా శాఖను అర్థం చేసుకున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. అది జీపుల మీద నడవదు, కాగితాల మీద నడుస్తుంది. కానిస్టేబుల్ మీద హెడ్ కానిస్టేబుల్, ఆయన మీద ఏఎస్సై, ఆ పైన ఎస్సై, ఇన్‌స్పెక్టర్, ఏసీపీ, ఆ పైన మెడ నొప్పి పుట్టకుండా నేను చూడలేనివాళ్లు. పైనుంచి కిందికి దిగేది మెమో: నువ్వు ఫలానా తప్పు చేశావు, ఎందుకు చేశావో చెప్పు అని. కిందినుంచి పైకి పోయేది సంజాయిషీ. మెమో లిఫ్టులో దిగుతుంది, సంజాయిషీ మెట్లెక్కుతుంది. ప్రతి అంతస్తులో ఎవరో ఒకరు దాని మీద సంతకం చేసి ముందుకు తోస్తారు.

చిన్నప్పటి నుంచి నాకో పాడు అలవాటుంది. ఎవరైనా గుండె బాదుకుంటూ కథ చెబుతుంటే, సరిగ్గా కన్నీళ్లు రాబోయే చోట ఒక మాట అని గాలి తీసేస్తాను. మా మేనత్త నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. కానీ అదే నేను చేతిలో పెన్ను పట్టుకుంటే, లోపల ఎక్కడో నాటకాల కంపెనీ ఒకటి దిగుతుంది. రోల్‌కాల్‌కు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన ఒక కానిస్టేబుల్‌కు నేను రాసిపెట్టిన మొదటి సంజాయిషీలో, దారిలో అడ్డంగా పడుకున్న బర్రెల మంద, వాటిలో ఒకటి ఈనడానికి సిద్ధంగా ఉండడం, కరుణ, కర్తవ్యం అన్నీ వచ్చాయి. పై నుంచి ‘ఆమోదించడమైనది’ అని తిరిగొచ్చింది. అప్పటి నుంచి మెమో వచ్చినవాడల్లా నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. ఫీజు ఒక ప్లేటు మిర్చి బజ్జీ. ఏడాదిలో నేను మూడు కిలోలు పెరిగాను, శాఖలో క్రమశిక్షణ ఎంత తగ్గిందో లెక్క లేదు.

మా హెడ్ కానిస్టేబుల్ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆయనకు మెమో వస్తేగదా. అందరి ముందు నేను ఆయన్ను సార్ అంటాను, చాటుకు కాకా. నర్సంపేట అవతల పత్తి, మిరప వేసే ఇంట్లో పుట్టాడు. ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు, దానితోపాటు పదిహేనేళ్ల షుగరు. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆయనకు ఒకటే కోరిక. చేతి మీది మూడు పట్టీలు పోయి భుజం మీద ఒక నక్షత్రం రావాలి, అంటే ఏఎస్సై కావాలి. ఆ నక్షత్రాలు హన్మకొండలో యూనిఫాం బట్టల దుకాణంలో ముందే కొనుక్కొచ్చి కళ్లజోడు డబ్బాలో దాచుకున్నాడు. ఒకసారి నాకు చూపించాడు. నేను, కాకా, దీనికి చిల్లు పెడితే ముక్కుపుడక కూడా అయితది అన్నాను. డబ్బా మూసేసి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ప్రమోషన్ల జాబితా వచ్చే నెల పైకి పోవాల్సి ఉంది. పెండింగ్‌లో మెమో ఉన్నవాడి పేరు జాబితాలో ఉండదు. వెనకవాడు ముందుకొస్తాడు. ఇది స్టేషన్‌లో పిల్లికి కూడా తెలుసు.

అప్పుడు ఒక పెద్దాయన పర్యటన వచ్చింది. బందోబస్తు అంటే ఊళ్లో ఉన్న స్టేషన్లన్నిటి నుంచి మనుషులను లాగి, ఆయన పోయే దారి పొడుగునా గజానికొకరిని నాటడం. ఒక్కొక్కరు నిలబడే చోటును పాయింట్ అంటారు. పాయింట్ వదిలి పోకూడదు, ఆకాశం విరిగి పడినా ముందు వైర్‌లెస్ సెట్లో చెప్పి పడనివ్వాలి. చార్టు గీసింది నేనే: వరుస సంఖ్య, పేరు, హోదా, పాయింట్. కాకాకు మట్టెవాడలో ఒక బట్టల దుకాణం ముందు పాయింట్ పడింది. చార్టు గీసే పని ఉందని నేను బందోబస్తు తప్పించుకుని ఫ్యాను కింద కూర్చున్నాను. తరవాత జరిగినదంతా ఆ ఫ్యాను కింద కూర్చున్న మేధావి పుణ్యమే.

కాకా పొద్దున ఆరింటికి నిలబడ్డాడు. పెద్దాయన తొమ్మిదికి రావాలి. తొమ్మిది పదకొండయింది. పదకొండు ఒంటిగంటయింది. షుగరు మనిషి ఏడు గంటలు ఎట్లా ఓర్చుకున్నాడో ఆయనకే తెలియాలి. సెట్లో అడిగి పోవచ్చు, కానీ సెట్లో అడిగితే ఊళ్లో పోలీసులంతా వింటారు. బట్టల దుకాణం సేటు ఆయన కాళ్లు మార్చి మార్చి నిలబడడం చూసి, ఇల్లు దుకాణం పైనే ఉంది, వచ్చి పోండి అన్నాడు. పాయింట్ ఖాళీగా కనబడితే బాగుండదని కాకా ఒక ఉపాయం చేశాడు. లాఠీని బారికేడ్ సందులో నిలబెట్టి, దానికి మెరిసే జాకెట్ తొడిగి, పైన తన టోపీ పెట్టాడు. అచ్చం మిరప చేనులో దిష్టిబొమ్మ. ఐదు నిమిషాల పని. మెట్లెక్కాడు.

సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే ఏసీపీ గారి బండి పాయింట్లు చూసుకుంటూ వచ్చింది. ఆ తరవాతి సంగతి ఆ బండి డ్రైవర్ టీ కొట్టు దగ్గర మాకు చెప్పాడు. డ్రైవర్ హారన్ కొట్టాడట, టోపీ కదలలేదట. ఏసీపీ గారు మాత్రం సెల్యూట్ అందుకోవడానికి చెయ్యి సగం దాకా లేపేశారట. దగ్గరికి వచ్చాక ఆ చెయ్యి ఏం చేయాలో తెలియక చెవి గోక్కున్నారట.

మెమో మరునాడే దిగింది. ‘తన విధి స్థానమునందు లాఠీకి శాఖాపరమైన టోపీ తొడిగి నిలబెట్టి, తాను అచ్చట లేకపోవుట తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’ చెవి గోక్కున్న సంగతి అందులో లేదు.

కాకా మెమో పట్టుకుని నా బల్ల ముందు కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసిస్తే అయిపోతుంది కదా అన్నాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ముప్పై ఏండ్లల్ల నా మీద ఒక్క కాయితం లేదు తమ్మీ. ఇప్పుడు ఉన్న ఒక్క కాయితం మీద, గీయన ఒకటికి పోయిండు అని రాసుంటదా? ఆఫీసుల ఆడోళ్లు మొగోళ్లు అందరు సదువుతరు. మనుమనికి ఏం జెప్పాలె.”

నిజానికి అక్కడ నేను గాలి తీయాలి. పోతే పోయినవు, కమిషనర్లు పోరా కాకా, అనాలి. కానీ చేతిలో పెన్ను ఉంది.

నేను రాసిన సంజాయిషీలో, చేతిసంచి పట్టుకున్న ఒక అనుమానాస్పద వ్యక్తి పాయింట్ పరిసరాల్లో సంచరించాడు. మా హెడ్ కానిస్టేబుల్ సుదీర్ఘ అనుభవంతో అతడి చూపులోని కపటాన్ని పసిగట్టాడు. అతడిని వెంబడించాలని నిశ్చయించుకుని, పాయింట్ ఖాళీ అయిన సంగతి శత్రువుకు తెలియకుండా లాఠీకి టోపీ తొడిగి అతడిని ఏమార్చాడు. సందుల్లో వెంబడించాడు. దుండగుడు జనంలో కలిసిపోయాడు. ‘శత్రువు’ అన్న మాట దగ్గర నాకే రోమాలు నిక్కబొడిచాయి.

కాకా రెండుసార్లు చదివాడు. “గింత అవసరమా” అన్నాడు. జర తక్కువైతే నమ్మరు, ఫికర్ చేయకు, సంతకం పెట్టు అన్నాను. పెట్టాడు. ఆ రోజు మిర్చి బజ్జీ రెండు ప్లేట్లు తిన్నాను.

నేను చేసిన తప్పు ఒక్కటే. సంజాయిషీ చదివేవాళ్లు కూడా పోలీసులే అని మరిచిపోయాను. పెద్దాయన పోయే దారిలో సంచితో తిరిగి, జనంలో మాయమైన మనిషి ఉన్నాడని కాగితం చెబితే, ఆ కాగితాన్ని మెచ్చుకుని పక్కన పెట్టడం వాళ్ల పని కాదు. మా సంజాయిషీ ఈసారి లిఫ్టులో ఎక్కి లిఫ్టులో దిగింది. అంచున ఏసీపీ గారి చేతిరాత: సెట్లో ఎందుకు చెప్పలేదు? ఆ ప్రాంతంలోని కెమెరాలు అన్నీ చూసి ఆ వ్యక్తిని గుర్తించి మూడు రోజుల్లో హాజరుపరచండి.

ఎస్సై గారు చుట్టూ చూశారు. కంప్యూటర్ తెలిసినవాడు, కుదురుగా కూర్చోగలిగినవాడు ఎవరున్నారని. నేను ఉన్నాను. నేను పుట్టించిన మనిషిని నేనే వెతికి పట్టుకోవాలి. పోలీసు శాఖలో నాకు అప్పగించిన మొదటి నిజమైన దర్యాప్తు ఇదే.

మా స్టేషన్‌లో కెమెరాల గది చూసేది ఒక మహిళా కానిస్టేబుల్. నాకంటే ఎనిమిదేళ్లు సీనియర్. అక్కా అంటాను. గదిలో ఏసీ ఉంటుంది కాబట్టి ఇంకొంచెం మర్యాదగా అంటాను. ఇద్దరం రెండు రోజులు ఆ వీధి బొమ్మలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాం. కాకా జాకెట్ తొడగడం, టోపీని చూసుకోవడం, రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ సర్దడం, ఆ తరవాత మెట్ల వైపు మనం ఎవరమైనా అట్లాంటి అవసరంలో నడిచే నడకతో నడవడం. అక్క ఆ నడక చూసి నా వైపు తిరిగింది. శత్రువును వెంబడించేవాడు మోకాళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తాడా అని అడిగింది. నేను అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

“మీ కాకా ఒక్కపారి పోయినందుకు మెమో వచ్చింది” అంది. “మేం ఆడోళ్లం పోనే పోం తమ్మీ. బందోబస్తు అంటే ముందు రోజు పొద్దుమూకినప్పటి సంది నీళ్లు బంద్. ఎండల తల తిరిగి పడ్డోళ్లున్నరు. దాని మీద ఎన్నడన్న ఏదన్న రాసినవా నువ్వు, గంత మంచిగ రాస్తవు గదా.”

రాయలేదు. ఎవరూ నాకు బజ్జీ పెట్టలేదు మరి, అని అందామనుకుని ఆపుకున్నాను. జీవితంలో నేను మింగిన జోకుల్లో అది మొదటిది. అరగడానికి చాలాసేపు పట్టింది.

మూడో రోజు పొద్దున వాడు దొరికాడు. నా మనిషి. నిజంగా. కాకా మెట్లెక్కిన నిమిషానికి బట్టల దుకాణంలోంచి ఒక ముసలి రైతు బయటికొచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో సంచి. బారికేడ్ దగ్గర ఆగాడు. టోపీని చూశాడు. చుట్టూ చూశాడు. నాలుగడుగులు పోయి మళ్లీ వెనక్కొచ్చాడు. టోపీ ఒక పక్కకు వాలి ఉంటే రెండు చేతులతో తీసి సరిగ్గా పెట్టాడు. దూరం జరిగి, తల వంచి, కుదిరిందా లేదా అని చూసుకుని, వెళ్లిపోయాడు. చేనులో దిష్టిబొమ్మ వాలితే ఏ రైతైనా చేసేదే.

సరిగ్గా అప్పుడే ఎస్సై గారు గదిలోకి వచ్చారు. సంచి ఉంది, వెనక్కి తిరిగి చూడడం ఉంది, పోలీసు టోపీని ముట్టుకోవడం ఉంది. నా సంజాయిషీలో రాసినదంతా తెర మీద ఉంది, ఒక్క కపటం తప్ప. బట్టల దుకాణంలో బిల్లు ఉంటుంది, ఫోన్ నంబర్ ఉంటుంది, మధ్యాహ్నంకల్లా మనిషిని తెప్పించండి అని చెప్పి ఆయన రోల్‌కాల్‌కు వెళ్లారు.

ఆ రైతు ఏ ఊరివాడో తెలియదు. ఇంటికి జీపు పోతుంది. వాడకట్టంతా బయటికొస్తుంది. టోపీ సరిచేసినందుకు ఒక ముసలాయన స్టేషన్‌లో బల్ల మీద కూర్చుంటాడు, ఆయన సంచిలోని బట్టలను మేము ఒక్కొక్కటే దులుపుతాం. ఇదంతా నేను రాసిందే. అక్క తెర ఆపేసి నా మొహం చూస్తోంది.

వేపచెట్టు కింద ఉన్న కాకాకు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, అదే బాధ. ఆ రైతు టోపీ ఎట్లా సరిచేశాడని అడిగాడు. రెండు చేతులతో అని చెప్పాను.

“మనోడే” అన్నాడు. తరవాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “ఆయనను పిలువొద్దు. నడువు, ఏసీపీ సార్ దగ్గరికి పోదాం.”

“జాబితా కాకా” అన్నాను.

“ముసలోన్ని తెచ్చి కూసోవెట్టి నేను భుజం మీద చుక్క వెట్టుకోవాల్నా. నడువు.”

ఎస్సై గారికి చెప్పి, తిట్లు తిని, అనుమతి తీసుకుని వెళ్లాం. ఏసీపీ గారి గదిలో ఆయన, మేమిద్దరం, గుమ్మంలో గన్‌మన్. నేను అటెన్షన్‌లో నిలబడి, మనసులో ఒక మంచి ఉపన్యాసం కట్టుకున్నాను. దాని మొదటి వాక్యంలోనే ‘పశ్చాత్తాపం’ ఉంది. కాకా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

“ఒకటికి పోయిన సార్” అన్నాడు. “షుగరుంది. పొద్దుగాల ఆరింటి సంది నిలవడ్డ. ఆగలేకపోయిన. అనుమానం మనిషి ఎవ్వడు లేడు.”

ఏసీపీ గారు సంజాయిషీ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, మళ్లీ చదివారు. శత్రువు ఎవరు అని అడిగారు. నేను రాసిన కాగితమని, శత్రువు కూడా నేనేనని చెప్పాను. గన్‌మన్ దగ్గాడు. ఏసీపీ గారు అతడి వైపు చూస్తే దగ్గు ఆగిపోయింది.

“టోపీ ఎందుకు పెట్టావు?”

“చేన్ల పెడతం సార్. మనిషున్నడనుకుంటయని.”

ఆయన చెయ్యి తనంతట తాను చెవి దాకా పోయింది. మధ్యలో గమనించుకుని కిందికి దించుకున్నారు. ఆ తరవాత ఒక తెల్లకాగితం కాకా ముందుకు తోసి, నీ చేత్తో నువ్వే రాయి అన్నారు. కాకా నిలబడే, బల్ల అంచున వంగి, నాలుగు మాటలు రాశాడు. నేను మెడ చాచి చదివాను. ‘మూత్రమునకు పోయినాను. పాయింట్ ఖాళీ కనబడవద్దని టోపీ పెట్టినాను. తప్పు అయినది.’ ఏడాదిగా నేను రాసిన సంజాయిషీలన్నీ కలిపి తూకం వేసినా అంత బరువు రావు. ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు, కాబట్టి ఒక్కసారే చెబుతున్నాను.

ఏసీపీ గారు దాని కింద, మందలించి వదిలివేయడమైనది, చర్య ముగిసినది అని రాసి సంతకం చేశారు. రైతును పిలిచే పని ఆపమని ఎస్సై గారికి ఫోన్ చేశారు. ఆ తరవాత నా వైపు తిరిగారు. పై అధికారులను తప్పుదోవ పట్టించినందుకు నాకు మెమో వస్తుందని, సంజాయిషీ మూడు వాక్యాలు దాటితే ఇంకో మెమో వస్తుందని చెప్పారు.

వచ్చింది. ‘అబద్ధం రాశాను. ఇక రాయను’ అని రెండు వాక్యాల్లో ఇచ్చాను. మూడోది మిగిలిపోయింది. నాకు సెన్సూర్ వేశారు, అంటే సర్వీసు రికార్డులో ఒక చిన్న మచ్చ. మరిపెడలో మా అమ్మకు మెడల్ అని చెప్పాను. అది ఎక్కడ పెట్టుకుంటారని అడిగింది. ఫైల్లో అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

జాబితాలో కాకా పేరు ఉంది. నక్షత్రాలు కళ్లజోడు డబ్బాలో రంగు కొంచెం మాశాయి. నేనే టూత్‌పేస్టు పెట్టి తోమాను.

తరవాతి బందోబస్తుకు ఆ వీధులన్నిటికీ కాకానే ఇన్‌చార్జి. చార్టు గీయడానికి మళ్లీ నేను. పేరు, హోదా, పాయింట్ అయ్యాక ఇంకో గడి గీయమన్నాడు. ముందు రోజంతా ఆ దారిలో తిరిగి దుకాణదారులతో, ఇళ్లవాళ్లతో మాట్లాడి ఒక కాగితం మీద రాసుకొచ్చాడు: బట్టల సేటు ఇంటి మీద, కిరాణం వెనక, టీచరమ్మ ఇల్లు, అది ఆడోళ్లకు. పక్క పాయింట్‌లో వాడు వచ్చి నిలబడేదాకా కదలొద్దు, వాడొచ్చినంక ఆగొద్దు. ఆ గడికి పైన ఏం పేరు పెట్టాలని అడిగాను. నాకు అప్పటికే రెండు మూడు పేర్లు తట్టాయి, అందులో ఒకదానిలో ‘సంక్షేమం’ కూడా ఉంది. కాకా నా పెన్ను వైపు చూశాడు.

“ఒకటికి అని రాయి. అందరికి సమజైతది.”

రాశాను. పొద్దున రోల్‌కాల్‌లో కాకా పాయింట్లు చదివి, ఆ గడి కూడా గట్టిగా చదివాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నాకు కూడా మట్టెవాడలోనే పాయింట్ పడింది, ఫ్యాను లేని చోట. నా ముందు నిలబడ్డ అక్క సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, కాకా చదవడం పూర్తయ్యేలోగా సగం తాగింది.